శీతాకాలపు ప్రయాణం – చక్రాలు, టైర్లు

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మన తెలుగులో 'మంచు' అనే మాట చాలా బరువు మోస్తుంది. తెల్లవారుజామున గడ్డిపరకల మీద మెరిసేది మంచు. లంబసింగి రోడ్డును కమ్మేసి పది గజాల దూరం కూడా కనపడనివ్వనిది మంచు. కాశ్మీరంలో దూదిపింజల్లా రాలేది మంచు. నది మీద గడ్డకట్టి గాజుపలకలా కూర్చునేదీ మంచే. మనకు మాట ఒక్కటే అయినా బండి టైరుకు మాత్రం ఇవి నాలుగూ నాలుగు వేర్వేరు శత్రువులు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క రకం టైరు కావాలి. ఆ తేడా ఏమిటో, విశాఖపట్నంలో వుండే మనకు శీతాకాలంలో ఎలాంటి చక్రాలూ, ఎలాంటి టైర్లూ పనికొస్తాయో చెప్పడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

"సముద్రపు వొడ్డున వుండేవాళ్లకు శీతాకాలం టైర్లేమిటి?" అని మిత్రులు నవ్వవచ్చు. నిజమే, మన బీచి రోడ్డు మీద ఏనాడూ మంచు కురవలేదు. కాని డిసెంబరు వచ్చిందంటే మన హాస్టళ్లలో జరిగేదేమిటి? నలుగురు కూడితే చాలు – అరకు, లంబసింగి, వంజంగి. సూర్యోదయానికి కొండమీద వుండాలని అర్ధరాత్రి దాటాక బయల్దేరతారు. స్వెట్టర్లు చూసుకుంటారు, పెట్రోలు చూసుకుంటారు, సెల్‌ఫోన్ల చార్జింగు చూసుకుంటారు. వంగి టైరు వంక చూసేవాడు మాత్రం పదిమందిలో వొక్కడుంటే గొప్ప. ఘాట్ రోడ్డు మీద ఆ పదిమందినీ లోయలో పడకుండా పట్టుకునేది టైరు వొక్కటే.

బండి అంతా నిలిచేది ఎంత జాగాలో?

ముందు చిన్న లెక్క వేద్దాం. వెయ్యి కిలోల కారు వుందనుకోండి. నాలుగు చక్రాల మీదా బరువు సమానంగా పడితే ఒక్కొక్క దాని మీద 250 కిలోలు. టైరులో గాలి చదరపు అంగుళానికి 30 పౌండ్లు. బరువును పీడనంతో భాగిస్తే, రోడ్డును తాకే రబ్బరు వైశాల్యం సుమారు 118 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. తపాలా పోస్టుకార్డు పొడవు 14, వెడల్పు 9 సెంటీమీటర్లు; వైశాల్యం 126. అనగా ఒక్కొక్క టైరు రోడ్డును తాకేది పోస్టుకార్డు కన్నా కాస్త తక్కువ జాగాలోనే. మోటారు సైకిలయితే ఇంకా తక్కువ – ఇద్దరెక్కిన బండికి కూడా సగం పోస్టుకార్డంత ముక్కలు రెండు. (టైరు పక్కగోడలు కూడా కొంత బరువు మోస్తాయి గనుక ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే.)

ఇంజను ఎంత శక్తి గలదైనా, బ్రేకులు ఎంత ఖరీదైనవైనా, చివరికి పని జరిగేది ఈ పోస్టుకార్డుల మీదనే. బ్రేకు ఆపేది చక్రాన్ని. బండిని ఆపేది టైరు. ఈ రెండింటికీ తేడా తెలియకనే చాలా ప్రమాదాలు జరుగుతున్నాయి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి బ్రేకు పట్టిన తర్వాత ఎంత దూరంలో ఆగుతుంది? వేగం వర్గాన్ని ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణాల లబ్ధానికి రెట్టింపుతో భాగిస్తే సరి. పొడి తారు రోడ్డు మీద గుణకం 0.7 అనుకుంటే 20 మీటర్లు. తడి రోడ్డు మీద మంచి టైరుకు 0.5 అనుకుంటే 28 మీటర్లు. అదే తడి రోడ్డు మీద అరిగిపోయిన టైరుకు 0.3 అనుకుంటే 47 మీటర్లు. గడ్డకట్టిన మంచు మీద 0.1 అనుకుంటే 142 మీటర్లు! డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు వేయడానికి పట్టే వొక్క సెకనులో బండి పోయే 17 మీటర్లు వీటన్నిటికీ అదనం. వేగం మారలేదు, బ్రేకులు మారలేదు. మారినదల్లా రబ్బరుకూ రోడ్డుకూ మధ్య వున్న చుట్టరికం.

రబ్బరుకు చలి ఎందుకు పడదు?

పచ్చి రబ్బరు ఎండకు జిగురయిపోతుంది, చలికి బిరుసెక్కుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ దానిని గంధకంతో కలిపి వేడిచేస్తే ఈ దుర్గుణం చాలావరకు పోతుందని కనిపెట్టాడు. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన టైరుకు పేటెంటు పొందాడు. మన పల్లెల్లో రబ్బరు చక్రాల ఎడ్లబండిని ఇప్పటికీ 'టైరు బండి' అని వేరుచేసి పిలుస్తాం. ఇనుప పట్టా చక్రానికీ దానికీ వున్న తేడా ఎడ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

గంధకం కలిపినా రబ్బరు చలి గుణం పూర్తిగా పోలేదు. తారు రోడ్డు కంటికి నున్నగా కనిపించినా దగ్గరగా చూస్తే గరుకు రాళ్ల మయం. మెత్తని రబ్బరు ఆ గరుకులోకి దిగి, ఒదిగి, పట్టుకుంటుంది. రబ్బరు బిరుసెక్కితే ఒదగదు. రాళ్ల కొనల మీద తేలిపోతుంది. మామూలు వేసవి టైర్ల పట్టు ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగితే తగ్గటం మొదలవుతుందని టైర్లవాళ్లు వాడుకగా చెప్పే లెక్క. 7 డిగ్రీల దగ్గర గీత గీసినట్టు ఏదో జరిగిపోతుందని కాదు. దిగే కొద్దీ తగ్గుతూ పోతుంది.

చలిదేశాల వాళ్లు దీనికి ఉపాయం కనిపెట్టారు. ఫిన్లాండులో 1934లోనే లారీలకు శీతాకాలపు టైరు తయారయింది. ఇలాంటి టైరులో రబ్బరు మిశ్రమమే వేరు – చలిలోనూ మెత్తగా వుండేటట్టు సహజ రబ్బరు పాలు పెంచి, సిలికా కలుపుతారు. టైరు దిమ్మెల మీద బ్లేడుతో కోసినట్టు వందలాది సన్నని చీలికలు వుంటాయి. దొర్లేటప్పుడు అవి విచ్చుకుని మంచును అంచులతో పట్టుకుంటాయి. గాళ్లు లోతుగా వుంటాయి. వాటిలో మంచు కూరుకుంటుంది. మంచుకు మంచు బాగా అంటుకుంటుంది గనుక అది కూడా పట్టుకే సాయం చేస్తుంది. నిజంగా మంచుకు పనికివచ్చే టైరు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచుపువ్వు గుర్తు వుంటుంది. 'ఎం ప్లస్ ఎస్' అనే అక్షరాలు మాత్రమే వుంటే అది బురదకూ మంచుకూ పనికొస్తుందని తయారీదారు చెప్పుకునే మాటే గాని, పరీక్షలో నెగ్గిన గుర్తు కాదు.

పై చదువులకు విదేశాలు వెళ్లే మిత్రులకు ఇది కేవలం విజ్ఞానం కాదు, అవసరం. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు శీతాకాలపు టైర్లు వేయడం చట్టప్రకారం తప్పనిసరి. జర్మనీలో మంచు రోడ్ల మీద నడపాలంటే, 2024 అక్టోబరు నుంచి కొండ–మంచుపువ్వు గుర్తు వున్న టైర్లనే శీతాకాలపు టైర్లుగా లెక్కిస్తున్నారు. విశాఖ ఎండలో నేర్చిన డ్రైవింగుతో అక్కడ దిగేవాడు మొదటి చలికాలానికి ముందే టైర్లు మార్చుకోవాలి. నాలుగూ మార్చాలి. ఇంజను తిప్పే రెండు చక్రాలకు మాత్రం మంచి టైర్లు వేసి మిగతా రెంటినీ వదిలేస్తే, బండి కదలడం కదులుతుంది గాని, మలుపులో ముందు భాగం ఒక దారి, వెనక భాగం ఇంకో దారి పడుతుంది.

మరి ఆ టైర్లు తెప్పించి మన బండికి వేసుకుంటే? అది పొరపాటే. మన ఎండకు ఆ మెత్తని రబ్బరు తొందరగా అరిగిపోతుంది; వేడి రోడ్డు మీద దిమ్మెలు ఊగిపోయి బ్రేకు దూరం పెరుగుతుంది. ఏ దేశపు శీతాకాలానికి ఆ దేశపు టైరు.

మన శీతాకాలం నీళ్ల కాలం

అయితే మన శీతాకాలం ఎలాంటిది? అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుపానుల కాలం. హుద్‌హుద్ మన నగరం మీద విరుచుకుపడింది 2014 అక్టోబరు 12న. ఆ రెండు నెలలూ తడి రోడ్లు. తర్వాత డిసెంబరు, జనవరిలలో కొండల మీద పొగమంచు. అనంతగిరి దాటాక, పాడేరు ఘాట్‌లో వంట్లమామిడి పైన, నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే దారిలో – తెల్లవారుజామున ఆకుల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా రోడ్డు మీద పడుతూనే వుంటాయి. వాన లేదు, కాని రోడ్డు తడి. ఎండ తగలని వంపుల్లో నాచు, రాలిన ఆకులు, అంచుల్లో ఎర్రమట్టి. వెయ్యి మీటర్ల ఎత్తు దాపున వున్న లంబసింగిలో కొన్ని శీతాకాలాల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు దిగిన రోజులూ వున్నాయి. అంటే మనకు కావలసింది మంచు కోసుకుపోయే టైరు కాదు. తడిని తుడిచివేయగల టైరు.

కొండలదాకా పోనక్కరలేదు. పోర్టు రోడ్డునే చూడండి. కాన్వెంట్ జంక్షన్ నుంచి సింధియా వైపు పోతే లారీల నుంచి రాలిన బొగ్గుపొడి, ఖనిజం దుమ్ము, ఇంజన్ల నుంచి కారిన నూనె రోడ్డు మీద పొరలా పేరుకుంటాయి. భారీ వానకు ఆ పొర కొట్టుకుపోతుంది. సన్నజల్లు పడితేనే ప్రమాదం – దుమ్మూ నూనే నీళ్లతో కలిసి జారుడు ముద్దగా మారతాయి. అందుకే వాన మొదలైన మొదటి నిమిషాల్లోనే బళ్లు ఎక్కువగా జారతాయి. పోర్టు రైలు పట్టాలు రోడ్డుకు అడ్డంగా వచ్చేచోట మరీ జాగ్రత్త. తడిసిన ఉక్కు మీద ఏ రబ్బరుకూ పట్టు వుండదు. ద్విచక్ర వాహనం మీద పట్టాలను ఏటవాలుగా కాక నిట్టనిలువుగా దాటాలి. దాటేటప్పుడు బ్రేకు వేయరాదు. రోడ్డు మీద వేసిన తెల్ల చారలూ, స్టీలు మూతలూ కూడా పట్టాల చుట్టాలే.

టైరు నీళ్లను తుడవడం అంటే ఏమిటో చూద్దాం. టైరు వెడల్పు 150 మిల్లీమీటర్లు, రోడ్డు మీద నీరు 3 మిల్లీమీటర్లు, వేగం గంటకు 60 కిలోమీటర్లు అనుకుంటే, ఆ వొక్క టైరు సెకనుకు ఏడున్నర లీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. సుమారు సగం బిందె! ఆ నీరు పోవడానికి వున్న దారులే టైరు మీది గాళ్లు. గాళ్లు అరిగిపోతే నీటికి దారి లేదు. అది టైరు కింద చీలలా దూరి చక్రాన్ని పైకెత్తుతుంది. అప్పుడు బండి రోడ్డు మీద కాదు, నీటి మీద నడుస్తుంది. స్టీరింగు తేలికైపోతుంది, తిప్పినా తిరగదు. దీనినే నీటితేలుడు అనవచ్చు.

ఏ వేగం దగ్గర ఇది మొదలవుతుందో 1960ల ప్రాంతంలో అమెరికాలోని నాసా పరిశోధకులు విమాన టైర్ల మీద ప్రయోగాలు చేసి చూశారు. వాళ్లు తేల్చిన సూత్రం మన ప్లస్‌టూ విద్యార్థి కూడా లెక్కకట్టగలడు. టైరు పీడనానికి (పౌండ్లలో) వర్గమూలం కట్టి 16.7తో గుణిస్తే గంటకు కిలోమీటర్లలో ఆ వేగం వస్తుంది. 30 పౌండ్లుంటే 91 కిలోమీటర్లు. గాలి దిగి 20 పౌండ్లయితే 75 కిలోమీటర్లే. నీరు లోతుగా నిలిచి, టైరు నున్నగా వున్నప్పటి లెక్క ఇది. గుండ్రని మోటారు సైకిలు టైరుకు అచ్చంగా వర్తించదు. కాని ఇందులో నీతి స్పష్టం: గాలి తగ్గితే నీరు గెలుస్తుంది.

గాలి సంగతి

"వానలో కాస్త గాలి తగ్గిస్తే రోడ్డును బాగా పట్టుకుంటుందిరా" అని సలహా ఇచ్చే అన్నయ్యలు ప్రతి వూళ్లోనూ వుంటారు. ఇసుకలో, బురదలో అది నిజం. అక్కడ బరువును ఎక్కువ జాగా మీద పరచడం కావాలి. తడి తారు రోడ్డు మీద మాత్రం అది తప్పని పై సూత్రమే చెబుతోంది.

మనం తగ్గించకపోయినా చలి తగ్గిస్తుంది. వేసవిలాంటి మధ్యాహ్నం, 30 డిగ్రీల్లో, బీచి రోడ్డు దగ్గర 30 పౌండ్లు గాలి పెట్టించారు. మర్నాడు తెల్లవారుజామున 5 డిగ్రీల్లో లంబసింగిలో వున్నారు. గేజీ చూపేది లోపలి పీడనానికీ బయటి వాతావరణానికీ వున్న తేడా. కాబట్టి లోపలి అసలు పీడనం 30కి 14.7 కలిపితే 44.7. కెల్విన్ డిగ్రీల్లో 303 నుంచి 278కి దిగితే అది 41 అవుతుంది. వాతావరణం మారకపోతే గేజీ 26.3 చూపాలి. కాని వెయ్యి మీటర్ల ఎత్తున బయటి పీడనం కూడా 13 పౌండ్లకు తగ్గుతుంది. అందుచేత గేజీ చూపేది 28. చలి మూడున్నర పౌండ్లకు పైగా లాక్కుంటే, కొండ అందులో ఒకటిన్నర తిరిగి ఇచ్చిందన్నమాట. ఫిజిక్సు ప్రాక్టికల్సులో వాయుసూత్రాలు ఎందుకు చదవాలని అడిగే జూనియర్లకు ఇదొక జవాబు.

రెండు పౌండ్ల తేడాతో కొంప మునగదు. కాని మామూలుగానే ఐదారు పౌండ్లు తక్కువతో తిరిగే బండికి ఇది తోడయితే? అందుకే బయల్దేరే ముందు, టైర్లు చల్లగా వున్నప్పుడు, కంపెనీ చెప్పిన పీడనానికి సరిగ్గా గాలి పెట్టించాలి. ఎంత పెట్టాలో కారు తలుపు పక్క కాగితం మీదా, మోటారు సైకిలుకు చెయిన్ కవరు మీదో, పుస్తకంలోనో వుంటుంది. ఇద్దరు ఎక్కితే వెనక టైరుకు వేరే అంకె ఇస్తారు. అది కూడా చూసుకోవాలి.

ట్రాక్టరు నేర్పే పాఠం

గాళ్లు ఎంత లోతుగా, ఎంత వెడల్పుగా వుంటే అంత పట్టు అనుకుంటారు చాలామంది. కొందరు మిత్రులు తమ బైకులకు దిమ్మెలు దిమ్మెలుగా వున్న టైర్లు వేసి 'ఘాట్‌కు గట్టి టైరు' అంటారు. దీనికి జవాబు మా పొలంలోని ట్రాక్టరు చెబుతుంది. వెనక టైరు మీద బాణంమొన ఆకారంలో రెండంగుళాల ఎత్తు కట్లుంటాయి. దమ్ము చేసేటప్పుడు అవి బురదలోకి దిగి, పళ్లచక్రం పళ్లలా మట్టిని పట్టుకుని ముందుకు తోస్తాయి. పక్కకు విసిరిన బురద కట్ల మధ్య నుంచి జారిపోతుంది. అదే ట్రాక్టరు రోడ్డెక్కితే? రోడ్డును తాకేది ఆ కట్ల తలలు మాత్రమే. తడి తారు మీద గట్టిగా బ్రేకు వేస్తే అంత పెద్ద చక్రమూ చక్కగా జారుతుంది. పైగా వెనక ట్రక్కు నిండా చెరుకో బెల్లమో వుంటే అది ముందుకు తోస్తుంది. శీతాకాలం బెల్లం కాలం. అనకాపల్లి మార్కెట్టుకు పోయే దారుల్లో తెల్లవారుజామున మంచులో ఇలాంటి ట్రాక్టర్లు ఎదురైతే వాటికి దూరంగా వుండటం బండివాడి ధర్మం, వెనక ఎర్రదీపమో మెరిసే స్టిక్కరో పెట్టుకోవడం రైతు ధర్మం.

కనుక బురదకు కట్లు, తారుకు రబ్బరు. తారు రోడ్డుకు కావలసింది రోడ్డును తాకే రబ్బరు ఎక్కువగా వుండి, నీరు పోవడానికి కావలసినన్ని గాళ్లు మాత్రమే వున్న టైరు. మన అచ్యుతాపురంలో 2022 ఆగస్టులో ప్రారంభమైన యోకోహామా వారి ఏ.టి.సి. కర్మాగారంలో తయారయ్యేవి ముఖ్యంగా పొలాలకూ, గనులకూ, నిర్మాణ యంత్రాలకూ పనికివచ్చే రోడ్డేతర టైర్లు. మన జిల్లా పొరుగునే టైర్ల ఫ్యాక్టరీ వుందంటే అది మన బైకు టైర్ల ఫ్యాక్టరీ అనుకోరాదు. టైరు అనేది వొకే వస్తువు కాదు, వంద వస్తువుల ఉమ్మడి పేరు.

టైరు మీద రాత చదవడం

టైరు పక్కగోడ మీద దాని జాతకమంతా రాసి వుంటుంది. '165/80 ఆర్ 14 85టి' అని వుందనుకోండి. 165 మిల్లీమీటర్ల వెడల్పు; పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం; 'ఆర్' అంటే రేడియల్; 14 అంగుళాల చక్రానికి సరిపోతుంది. 85 అనే సూచిక 515 కిలోల బరువు మోయగలదని, 'టి' గంటకు 190 కిలోమీటర్ల దాకా తట్టుకోగలదని చెబుతాయి. మోటారు సైకిలు వెనక టైరు మీద '100/90-17 55పి' అని వుంటే 218 కిలోలు, 150 కిలోమీటర్లు. కొత్త టైరు కొనేటప్పుడు ఈ రెండు చివరి గుర్తులూ పాతదానికన్నా తక్కువ కాకూడదు.

ఇంకో నాలుగంకెలు ముఖ్యం. '2323' అని వుంటే 2023వ సంవత్సరం 23వ వారంలో తయారయిందని అర్థం. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది; ఎండకూ, గాలిలోని ఓజోనుకూ బీటలు వేస్తుంది. అందుకే షాపులో చవకగా ఇస్తున్నాడంటే ముందు ఈ అంకె చూడాలి. ఐదేళ్లు దాటిన టైరును ఏడాదికోసారి తెలిసినవాళ్లకు చూపించాలని, పదేళ్లు దాటితే ఎంత బాగా కనిపించినా తీసేయాలని తయారీదారులే చెబుతారు. ఐ.ఎస్.ఐ. గుర్తు లేని టైరు కొననే కొనరాదు. 2022లో కేంద్ర రవాణా శాఖ కార్లు, బస్సులు, లారీల టైర్లకు తడి రోడ్డు మీది పట్టుకు కూడా కనీస ప్రమాణాలు ప్రకటించింది. తడి పట్టు అంత ముఖ్యమని సర్కారు కూడా గుర్తించిందన్నమాట.

టైరు మీద బాణం గుర్తుంటే అది తిరగవలసిన వైపు. పంక్చరు వేసినవాడు తొందరలో తిరగేసి బిగిస్తే గాళ్లు నీటిని బయటికి కాక లోపలికి తెస్తాయి. పంక్చరు షాపు దగ్గర ఆ వొక్క నిమిషం మనమే నిలబడి చూసుకోవాలి.

గాడి లోతు ఎంత? చట్టం ప్రకారం కారుకూ లారీకీ కనీసం 1.6 మిల్లీమీటర్లు, ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 0.8 మిల్లీమీటరు వుండాలి. గాడి అడుగున చిన్న గట్లుంటాయి; టైరు అరిగి వాటితో సమానమైతే దాని ఆయుష్షు తీరినట్టే. కాని చట్టం చెప్పేది చావుగీత, క్షేమగీత కాదు. కొత్త కారు టైరుకు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. అది 3కి వచ్చేసరికే నీటిని తుడిచే శక్తి చాలా పోతుంది. కొలవడం ఎలాగంటారా? మన లేబొరేటరీలోని వెర్నియర్ కాలిపర్స్ వెనక సన్నని లోతుకడ్డీ వుంది కదా, అదే చాలు. పరీక్షలకు తప్ప ఎన్నడూ తీయని ఆ పరికరానికి ఇంతకన్నా మంచి పని ఏముంది?

చక్రం ఎలాంటిది?

టైరుతో పాటు చక్రం కూడా చూడాలి. స్టీలు చక్రం గుంతలో పడితే వంగుతుంది; కొట్టి సరిచేయవచ్చు. అల్లాయ్ చక్రం తేలికగా, అందంగా వుంటుంది గాని గట్టి దెబ్బకు చిట్లుతుంది. చువ్వల చక్రం గతుకులకు వోర్చుకుంటుంది, కాని సాధారణంగా దానికి ట్యూబు కావాలి. ట్యూబు పంక్చరైతే గాలి ఒక్కసారిగా పోతుంది. ట్యూబ్‌లెస్ టైరులో గాలి నెమ్మదిగా దిగుతుంది. ఘాట్ మలుపులో ఆ నెమ్మదే ప్రాణం కాపాడుతుంది. అయితే మన సముద్రపు ఉప్పుగాలికి స్టీలు రింగు అంచులు తుప్పు పడతాయి. ఆ తుప్పు దగ్గర టైరు సరిగా అతుక్కోక రోజూ కాస్త కాస్త గాలి పోతూ వుంటుంది. ప్రతి వారం గాలి తగ్గుతోందంటే పంక్చరు కోసం వెతకడం ఆపి రింగు అంచు శుభ్రం చేయించాలి.

అందం కోసం వెడల్పు టైర్లు వేయించడం ఇప్పుడొక సరదా. వెడల్పు పెరిగితే తుడవవలసిన నీరు కూడా పెరుగుతుంది. తడి రోడ్డు మీద అది ముందుగా తేలుతుంది. చలిదేశాల్లో మంచుకు తరచు వొక సైజు సన్నని టైర్లే వాడతారు. కంపెనీ ఇచ్చిన సైజును మించిన సలహా లేదు.

డబ్బు సంగతి

ఇంతా చదివి "మంచి టైరు ఖరీదు ఎవడిస్తాడు?" అనవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రైతు కుటుంబాల నుంచి వచ్చిన మాబోటి వాళ్లకు టైరు కొనడం అంటే ఇంట్లో వొక చర్చ. పోర్టు లారీలు రీబటన్ టైర్లతో నడుస్తాయి. సరిగ్గా చేసిన రీబటన్ చెడ్డదేమీ కాదు, విమానాల టైర్లకు కూడా చేస్తారు. కాని దాన్ని లారీ వెనక జతలకే వాడడం మంచి పద్ధతి. ముందు చక్రాలకు వద్దు. మోటారు సైకిలుకు అసలే వద్దు, ఎందుకంటే అక్కడ ఒకటి పోతే ఆదుకునే రెండోది లేదు.

ఖర్చును ఇంకోవైపు నుంచి చూద్దాం. ఘాట్ దిగేటప్పుడు పదిహేను అడుగులకు ఒక అడుగు వాలు, వేగం గంటకు 40, రోడ్డు తడి. మంచి టైరుతో బండి సుమారు 14 మీటర్లలో ఆగుతుంది. అరిగిన టైరుతో 27. తేడా 13 మీటర్లు. ఘాట్ రోడ్డు వెడల్పు అందులో సుమారు సగం. కొత్త టైరుకిచ్చే డబ్బుతో మనం కొనేది ఆ పదమూడు మీటర్లు. ఆ పదమూడు మీటర్ల చివర గట్టు వుందో లోయ వుందో మలుపు తిరిగాకగాని తెలియదు.

ఇద్దరు కలిసి బండి కొనుక్కున్నవాళ్లు, అన్న బండి అడిగి తెచ్చుకున్నవాళ్లు, అద్దెకు తీసుకునేవాళ్లు – ఎవరైనా సరే ఈ నాలుగు పనులకు రూపాయి ఖర్చు లేదు. గాడి లోతు చూడండి. తయారీ వారం చదవండి. చల్లని టైరుకు గాలి సరిగ్గా పెట్టించండి. పక్కగోడ మీద ఉబ్బు, బీట, కోత వుంటే ఆ బండి తీయకండి. ఇక కొండ దిగేటప్పుడు న్యూట్రల్ వేయకుండా, ఎక్కిన గేరులోనే దిగండి. బ్రేకులకు విశ్రాంతి, టైర్లకు పట్టు రెండూ దక్కుతాయి.

మిత్రులారా! వంజంగి మీద మేఘాలు పాలసముద్రంలా పరుచుకునే దృశ్యం చూడదగ్గదే. అది ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది కూడా వుంటుంది. చూడడానికి మనం వుండాలి. అందుకే ఈ శీతాకాలం బయల్దేరే రాత్రి, బండి కిక్కు కొట్టే ముందు ఒక్కసారి వంగి ఆ సగం పోస్టుకార్డును పలకరించండి. ఇంట్లోవాళ్లకు మనం క్షేమంగా వస్తామని కబురు మోసుకుపోవలసిన కార్డు అదే.